దగ్గర దగ్గర గీతలు

మొన్న సోలాపూర్‌లో అశోక్ చౌక్ దగ్గర ఇంకా మూతపడని ఒక మగ్గాల షెడ్డు ముందు నుంచి నడుస్తుంటే గంజి, మెషిన్ ఆయిలు కలిసిన వాసన తగిలి, భవాని పేట్‌లో మా నాయిన డిజైన్ బల్ల, దాని పైన గోడకు అంటించిన కొండల మ్యాపు కళ్ల ముందుకొచ్చాయి.

ఆ మ్యాపు తెచ్చింది నాయినకు ఒక్కగానొక్క తమ్ముడు, మా కాక. సోలాపూర్ చద్దర్లు లారీలో వేసుకుని లదాఖ్ దాకా పోయేవాడు. అక్కడ కొండలెక్కడానికి వచ్చిన ఎవరో ఒక చద్దరు తీసుకుని బదులుగా ఇచ్చారట. చెట్టన్నది లేని గోధుమరంగు కొండలు, వాటి నిండా సన్నని వంకర గీతలు. గ్రాఫు కాగితం మీద చద్దర్ల పూలు గీసే నాయినకు గీత కనిపిస్తే అది పోగే. శ్రావణం ముసురులో జొన్నరొట్టె మీద పల్లికారం, నూనె వేసుకుని తింటూ, ఎంగిలి కాని చేతి వేలితో కాకకు దారులు చూపేవాడు.

"పోగులు దగ్గర పడితె చద్దరు గట్టిగుంటది గద తమ్మి, ఇదీ గంతే. గీతలు దగ్గరున్న కాడ నేల గట్టిది."

పిల్లలం మేమూ ఆ గీతల వెంట చింతగింజలు జరుపుతూ లారీలాట ఆడేవాళ్లం.

జంధ్యాలు మార్చుకునే నూలు పున్నమి పండుగకు ముందు రోజు, లదాఖ్ నుంచి కాక ఎదురింటికి ఫోను చేశాడు. వరదకు రోడ్డు తెగిందట, లారీ వదిలేసి పక్క ఊరికి నడుస్తాడట. "నది ఒడ్డు పొంటి చుట్టు తిరగడట. నేను చెప్పిన గట్టి జాగల నుంచే పోతడట" అని నాయిన గర్వంగా వచ్చి చెప్పాడు. కాలేజీలో భూగోళం చదివే అక్క మ్యాపు చూసి తెల్లబోయింది.

"నాయినా, గీతలు దగ్గరుంటె గట్టి నేల కాదు. నిట్టనిలువు కొండ."

నాయిన చెప్పుల్లేకుండా ఎదురింటికి ఉరికాడు. ఫోను కలవలేదు. పండుగకు మగ్గాలు ఆపేయడంతో పేటంతా చప్పుడు లేదు. మర్నాడు అందరూ కొత్త జంధ్యాలతో పండుగ రథం ఊరేగింపు చూడను పోతే, నాయిన మ్యాపు ముందే కూర్చుని ఒకే చోట వేలితో రుద్దుతూ ఉండిపోయాడు. అమ్మ చేసిన భక్షాలు చల్లారిపోయాయి. "వాణ్ణి నేనే ఆ కొండ మీదికి తోలిన" అన్నాడొకసారి, ఎవరితోనూ కాదు. నాకు ఆయన్ని చూస్తేనే భయమేసింది.

కాక బతికే వచ్చాడు, కుంటుకుంటూ. గడప దాటకముందే అందరికీ వినబడేలా అన్నాడు: "నీ దారి పట్టలే అన్నా. నది పొంటే వచ్చిన, రాయి మీద జారిన." ఆ పూట నాయిన కడుపునిండా తిన్నాడు.

ఇప్పుడు నాయిన లేడు. మా షెడ్డు ఉన్నచోట మొబైల్ దుకాణం వెలిసింది; పూలు కంప్యూటర్ గీస్తోంది, దారి ఫోను చెబుతోంది. పోయిన నెల బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో, బీడీలు చుట్టే చిన్నమ్మ పేరు మీద వచ్చిన ఇంట్లో, కాకను చూడబోయాను. ఇన్నేళ్లూ అడగలేనిది అడిగేశాను, నిజంగా నది దగ్గరే జారావా అని.

కాక కుంటికాలు చాపుకున్నాడు.

"నది దిక్కే పోలే బిడ్డా. మీ నాయినకు ముద్ద దిగాలె గద."