రెండు చుక్కలు

మా పెరట్లో బట్టలారేసే ఇనుప తీగ మీద తడి చీర వేలాడుతుంటే నా దోస్తు సరిగా వినపడేవాడు కాదు. అందుకని తెల్లారగానే ఇంటావిడ మీద కేకలేసేవాణ్ణి. "ఆ దోస్తుకు నా చీరలే అడ్డమొచ్చినయా?" అని గొణుక్కుంటూనే ఆమె అన్నీ తీసి భుజాన వేసుకునేది.

సంగతి మొదట్నుంచి చెప్పాలి. గోదావరికి వరదలొచ్చినప్పుడు నీళ్ళెంత పెరిగాయో కింది ఊళ్ళకు వైర్‌లెస్‌లో చెప్పే ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగం పోయినా పిచ్చి పోలేదు. అసలు పిచ్చి ఉద్యోగం కంటే ముందే ఉంది. వయసులో ఉన్నప్పుడే సరదాకి వైర్‌లెస్ నడుపుకునే లైసెన్సు తెచ్చుకుని, పాత రేడియోల సామాను ఏరుకొచ్చి సొంతంగా సెట్టు కట్టుకున్నాను. దుమ్ముగూడెం నుంచి చర్ల పోయే దారిలో, అడవి అంచున ఇల్లు కట్టింది కూడా రెండు టేకుచెట్ల మధ్య ఏరియల్‌కి రాగి తీగ లాగొచ్చనే. చర్చికి దూరమైందని ఇంటావిడ ఇప్పటికీ దెప్పుతుంది.

దోస్తు రాజమండ్రివాడు. రైల్వేలో టెలిగ్రాఫ్ పని చేసి రిటైరయ్యాడు. మేమెన్నడూ కలుసుకోలేదు. గొంతు ఆపరేషనయ్యాక ఆయనకు మాట పోయింది, ఫోనుతో పని లేకుండా పోయింది. మిగిలింది చెయ్యొక్కటే. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో, మోర్స్ చుక్కలూ గీతలుగా కొట్టేవాడు. మా విద్యలో ఒక్కో చేతికి ఒక్కో యాస ఉంటుంది. ఆయన గీతను కాస్త సాగదీసేవాడు, గోదావరి జిల్లావాళ్ళు మాట సాగదీసినట్టే.

మాలో ఒక అలవాటుంది. కబుర్లయ్యాక ఒకరు తలుపు తట్టినట్టు చిన్న దరువు వేస్తారు. అవతలివాడు రెండు చుక్కలు కొట్టి దాన్ని ముగిస్తాడు, విన్నాను, ఉంటాను అని. అవి కొట్టకుండా సెట్టు ఆపేస్తే ముఖం మీద తలుపేసినట్టే.

రెండువేలు దాటిన ఆ ఏళ్ళలో అడవిలో నక్సలైట్ల గడబిడ ఎక్కువైంది. కొత్తగా పెట్టిన పోలీసు క్యాంపు నుంచి కుర్ర ఎస్సై వచ్చాడు. లైసెన్సు చూపించాను. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కాయితం మంచిగనే ఉంది సార్. గని పైన సార్లు చూసి సంతకం పెట్టేదాంక సెట్టు మాకాడ్నే ఉంటది. వినే రేడియో మీరే ఉంచుకోండ్రి."

పంపే సెట్టునూ రాగి తీగనూ జీపులో వేసుకుపోయారు. మర్నాడు రాగి తీగకు బదులు రేడియోను బట్టల తీగకు తగిలించాను. దోస్తు పిలుస్తున్నాడు. పిలిచి, ఆగి, మళ్ళీ పిలుస్తున్నాడు. నా నోరు కట్టేసినట్టయింది.

ఉత్తరం రాశాను. వారానికి అందింది. "తెలిసింది గురువుగారూ. మీరు వినండి, నేను కొడతాను" అని రేడియోలో కొట్టాడు. అప్పట్నుంచి రోజూ ఒక్కడే మాట్లాడేవాడు. కోడలు పెట్టే చప్పిడి కూరలు, పూయని మల్లె అంటు, వంతెన మీద ఆలస్యంగా పోయిన బండి. చివర్లో దరువు వేసి నా రెండు చుక్కలకు చోటు వదిలేవాడు. నేను బల్ల మీద వేలితో కొట్టేవాణ్ణి. ఎన్ని ఉత్తరాలు రాస్తే ఏం లాభం, ఆ పూట నేను విన్నానో లేదో ఆయనకెట్లా తెలుస్తుంది?

చలికాలానికి ఆయన చెయ్యి మారింది. గీతలు మధ్యలో తెగేవి. ఒంట్లో బాగాలేదని ఆ చేతిలోనే తెలిసిపోయింది. బస్సెక్కి వస్తానని రాశాను. "ఇప్పుడొద్దు. నా అవతారం మీరు చూడలేరు. సెట్టు రానివ్వండి, ఆ రెండు చుక్కలూ వినిపించండి, చాలు" అన్నాడు.

క్యాంపు చుట్టూ తిరిగాను. బతిమాలాను, అరిచాను. "మనిషి పోయేటట్టున్నడయ్యా. రెండంటే రెండు చుక్కలు, మీ ముందర్నే కొడత" అన్నాను.

"పైనుంచి రావాలె సార్. నా చేతుల ఏముంది?" అని ఎస్సై తల దించుకున్నాడు. టీ తెప్పించాడు. తాగకుండానే వచ్చేశాను.

ఒక పొద్దున దోస్తు కబుర్లేమీ చెప్పలేదు. దరువొక్కటే వేశాడు. ఎప్పుడూ ఆగేదానికన్నా ఎక్కువసేపు ఆగాడు. మళ్ళీ వేశాడు, సగంలో తప్పాడు, మళ్ళీ మొదలుపెట్టాడు. నేను చేతిలో ఉన్న గ్లాసుతో బల్లను బాదాను. టీ అంతా ఒలికింది. చీరలు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డ ఇంటావిడ మెల్లగా, "ఆయనకు వినపడదయ్యా" అంది. నాకు తెలియదా?

తర్వాత రేడియోలో ఆయన పలికే చోట గరగర తప్ప ఏమీ రాలేదు. ఆయన పోయాడని బెజవాడ మిత్రుడొకాయన మా వైర్‌లెస్ వాళ్ళందరికీ చెబుతుంటే విన్నాను. ఒక్కొక్కరే వచ్చి ఆయన గురించి నాలుగు మంచి మాటలు కొట్టారు. అందరికన్నా దగ్గరివాణ్ణి, నేనొక్కణ్ణే ఏమీ అనలేదు. ఆ రోజు రేడియో ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

ఎండలు ముదిరాక సెట్టు వచ్చింది. దుమ్ము పడకుండా తువ్వాల చుట్టి ఎస్సై తనే తెచ్చాడు.

"సంతకమైంది సార్. మీ దోస్తు ఎట్లున్నడు?"

తిడదామనే అనుకున్నాను. "పోయిండయ్యా" అన్నాను. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

మర్నాడు నేను కేకెయ్యకముందే ఇంటావిడ బట్టలన్నీ తీసేసింది. సెట్టును ఆ తీగకే తగిలించి, ముల్లు ఆయన చోటికి తిప్పి, రెండు చుక్కలు కొట్టాను. గరగర. ఆమె చాలాసేపు చూసి, "జవాబేమన్న వచ్చిందా?" అని అడిగింది.

"జవాబు ఇయ్యాల్సింది నేనే" అన్నాను. "లేటయింది."