వెనక్కి చూసే దోస్తు

యోస్ట్ ఎక్కడికి వెళ్లినా వెనక్కి తిరిగే వెళ్లేవాడు. ఆటో ఎక్కితే డ్రైవర్ పక్కన ఇరుక్కుని, ఆరున్నర అడుగుల శరీరాన్ని మడత పెట్టి, వెనక సీటువాళ్ల ముఖాల్లోకి చూస్తూ కూర్చునేవాడు. తార్నాక నుంచి లాలాపేట్ దాకా పాపం వాళ్లకి ఎటు చూడాలో తెలిసేది కాదు.

ఆయనది హాలెండు. పదకొండో ఏట తెడ్డు పట్టి, ఇరవయ్యేళ్లు పడవ పందేల్లో గడిపి, ఆ తర్వాత తెలుగు యాసల మీద పరిశోధన చేస్తానంటూ తెలంగాణ ఉద్యమం రోజుల్లో క్యాంపస్‌కు వచ్చాడు. హాస్టల్లో ఆయన గదిలోనే ఉండే మొగిలి జనగామ పక్క పల్లెటూరివాడు. యోస్ట్ అనడానికి నోరు తిరగక మొదటి రోజే “దోస్తు” చేసేశాడు.

“ఏంది దోస్తు, ముంగటికి చూస్తే ఏమైతది?”

“ముందుకు జూచిన యెడల శిరోభ్రమణము కలుగును, మిత్రమా. తెడ్డు వేయువాడు గమ్యమునకు వీపు జూపి కూర్చుండవలెను.”

ఆయన తెలుగు నేర్చుకున్నది నూరేళ్లనాటి వ్యాకరణ పుస్తకంలో. మెస్‌లో “కించిత్తు చారు దయచేయుడు” అనేవాడు. వడ్డించే లక్ష్మీనర్సయ్య హడలిపోయి రెండు గరిటెలు ఎక్కువే పోసేవాడు.

తెల్లవారుతుంటే ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కళ్లు మూసుకుని, లేని తెడ్లు లాగేవాడు. ముందుకు వంగడం, వెనక్కి వాలడం. మొగిలి జన్మలో పడవ ఎక్కలేదు. అయినా పక్కన కూర్చుని చూస్తుంటే, మంచులో ఆ పెద్ద రాతి భవనమే కదిలి, చెట్ల కొనల మీదుగా, లాలాగూడ రైలు కూతల వైపు మెల్లగా తేలిపోతున్నట్టుండేది.

“దోస్తు, ఒడ్డు ఇంకెంత దూరమున్నది?”

“ఎరుగను. నాకు గనుపించునది మనము దాటిన నీరు మాత్రమే.”

“తెలంగాణ గూడ గంతే ఉన్నది దోస్తు,” అని మొగిలి నిట్టూర్చాడు.

ఓ మధ్యాహ్నం ఆర్ట్స్ కాలేజీ నుంచి ఊరేగింపు కదిలింది. దోస్తు మామూలుగానే వెనక్కి నడుస్తూ, నినాదాల్లోని యాసలు రాసుకుంటున్నాడు. జనం ఆయన్ని చూసి నవ్వుతూనే నినదిస్తున్నారు. ఇంతలో ఊరేగింపు తోక దగ్గర బాష్పవాయువు గుండ్లు పేలాయి. అందరూ తార్నాక వైపు ఉరికారు. మొగిలి దోస్తు చెయ్యి పట్టి లాగాడు. దోస్తు కదల్లేదు.

“మొగిలీ! అచ్చట ఒకడు మిగిలినాడు!”

పొగలో చాయ్ బండి సత్తయ్య. ఒక కాలు ఈడ్చి నడిచే మనిషి, బండి పట్టుకుని దగ్గుతున్నాడు. పారిపోయేవాళ్లెవరికీ కనిపించలేదు, వాళ్ల చూపంతా ముందుకే.

దోస్తు పొగలోకి పరుగెత్తాడు. పొయ్యి ఆర్పి దించి, సత్తయ్యను బండి మీద కూర్చోబెట్టి, పిడి పట్టుకుని వెనక్కి నడుస్తూ లాగాడు. మొగిలి అవతలి నుంచి తల వంచుకుని తోశాడు. దోస్తు ముఖం పొగ వైపే, కళ్లు ధారగా కారుతున్నాయి. దారి చూసేవాడు సత్తయ్య ఒక్కడే.

“ఎడమకు సారూ! గుంత, గుంత! ఆ, ఇగ లాగుండ్రి!”

“ఆజ్ఞ, కర్ణధారా!”

గ్లాసులు గలగలలాడుతూ బండి తార్నాక చేరింది. కళ్లు కడుక్కున్నాక సత్తయ్య అడిగాడు.

“మీ దేశంల గిట్లనే లాగి బంగారు పతకం గెలిచిండ్రా సారూ?”

లేదన్నాడు దోస్తు. ఒలింపిక్స్‌కు పంపే ఎంపిక పోటీలో ఆయనే అందరికంటే ముందున్నాడట. గాలి లేచి, వెనక వస్తున్న పడవ బోల్తా పడింది. చూస్తూ చూస్తూ పోలేక, పడవ తిప్పి వెళ్లి ఆ మనిషిని పట్టుకున్నాడట.

“అయితే నీకు ఎన్నో నంబరొచ్చె?” అన్నాడు మొగిలి.

“తుది స్థానము.”

“మరి గాయన?”

“మరుసటి యేడు పతకము గెలిచెను. ప్రతి పండుగకు నాకు మా దేశపు జున్ను పంపును. మిక్కిలి కంపు గొట్టును.”

మూడో రోజు, ఆ గొడవ మీద పిలిచిన బంద్ అయిపోయాక, మొగిలి నల్లకుంట బస్సెక్కాడు. ఎందుకో వెనక అద్దం వైపు తిరిగి నిలబడ్డాడు. బస్సు కదిలింది. జామకాయల గంపతో ఒకామె పరుగెత్తుకొస్తోంది.

“ఆపుండ్రి! ఒకామె ఉరికొస్తున్నది!”

బస్సు ఆగింది. ఆమె ఎక్కి, ఆయాసం తీర్చుకుని, మొగిలిని ఎగాదిగా చూసింది.

“గట్ల ఉల్టా నిలబడ్డవేంది కొడుకా? ముంగటికి జరుగు!”

మొగిలి జరిగాడు. వెనక్కి చూస్తూనే.