పదకొండో చుట్టు

నాకు నలభై రెండేళ్లు, నూట పది కిలోలు. ఏడాదిగా మతిమరుపు, వయసేలే అనుకున్నాను.

ఆ మంగళవారం బీచుపల్లి ఆంజనేయుడి గుడిలో ఆరేళ్ల కూతుర్ని చెప్పుల దగ్గర కూర్చోబెట్టి, "పదకొండు సుట్లు తిరిగొస్త, లేవకు బిడ్డా" అన్నాను. ఆయాసంలో లెక్క తప్పింది. ఎన్నయ్యాయా అని ఆలోచిస్తూనే బయటికొచ్చి బండెక్కేశాను.

ఎర్రవల్లిలో ఇంటి ముందు దిగగానే నా భార్య నా కాళ్లు చూసింది.

"చెప్పులేవి? పిల్ల యాడుంది?"

వెంటనే బండి వెనక్కి తిప్పాను. తిరిగి వెళ్తుంటే దారంతా కళ్ల ముందు గుడి పక్కనున్న కృష్ణా నది మెట్లే. పాప మాత్రం అక్కడే, చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"పదకొండు అయినయా నాయినా?"

పరీక్షలు చేసిన డాక్టరు, ఊబకాయానికి తోడు నాకు టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను కూడా తగ్గిందని, దాంతో జ్ఞాపకశక్తి మందగించవచ్చని అన్నారు. ఇప్పుడు రోజూ మైదానంలో నడుస్తున్నాను. చుట్లు లెక్కపెట్టేది పాపే.