క్యాన్సర్‌కు చెవిపోటు మందా?

నాంపల్లిలో ఒక డాక్టరమ్మ బల్ల మీద మందుల చీటీ పరిచి, "దీనికి మీ వివరణ ఏమిటి?" అని గర్జించాను. ఆ తర్వాత జరిగినది తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. ఆవిడ చీటీని చూసింది, నన్ను చూసింది, నా పక్కన పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకులా ఒదిగి కూర్చున్న మా ప్రూఫ్ రీడర్ సామ్యూలన్నను చూసింది.

"ముందు మీరెవరు?"

"పత్రిక నుంచి" అన్నాను, ఆ ఒక్క మాటకు గోడలు కూలాలన్నట్టు. గోడలు కదల్లేదు.

అంత దూరం ఎలా వెళ్లానో చెప్పాలి. అప్పట్లో మా ఆఫీసు ఆబిడ్స్‌లో ఒక పాత మేడ మీద ఉండేది. ఇప్పుడక్కడ చీరలు అమ్ముతున్నారు. ఆదివారాలు కిటికీ తెరిస్తే కింద పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు, లోపలికి తిరిగితే కొత్త ప్రూఫుల మీద వంగిన సామ్యూలన్న. మెదక్ మనిషి, చర్చిలో పాడే గొంతు. తప్పు దొరికితే పెన్ను ఎత్తడానికి ముందు ఒకసారి నాలుక చప్పరించేవాడు. ఆ చప్పుడుకు మా డెస్కంతా వణికేది.

ఆయనకెప్పుడూ కడుపులో మంట. "ఇరానీ చాయ్‌తోని తమ్మీ, ఇంకేం లేదు" అంటూనే ఇంకో చాయ్ చెప్పేవాడు. చివరికి వాళ్లావిడ, మా రూతు వదిన, పట్టుబట్టి కడుపులోకి కెమెరా గొట్టం వేయించింది. ముక్క తీసి పరీక్షకు పంపితే లింఫోమా అన్నారు. కడుపు గోడలో పుట్టే ఒక రకం క్యాన్సర్.

మర్నాడు సామ్యూలన్న మందుల పొట్లం నా ముందు పెట్టాడు. "రెండు వారాలు ఏసుకోమన్నది డాక్టరమ్మ, తమ్మీ. కోసుడు గీసుడు ఇప్పుడైతే లేదంట."

చూద్దును కదా, అందులో ఒకటి మా అమ్మాయికి చెవిపోటు వచ్చినప్పుడు ఇచ్చిన క్యాప్సూలే!

"అన్నా, ఇది చెవి మందు!"

"ఏందీ?"

"క్యాన్సర్ కడుపులో ఉంటే ఆవిడ చెవికి వైద్యం చేస్తోంది!"

"కడుపుల ఏదో క్రిమి ఉన్నదన్నది..."

"క్రిమితో వచ్చేది జలుబన్నా, క్యాన్సర్ కాదు!"

ఇంత ధీమా నాకెక్కడిదని అడుగుతారేమో. అప్పుడే నకిలీ వైద్యుల మీద వరుస కథనాలు రాసి ఉన్నాను. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన, నకిలీ వైద్యుల వార్తలు రాసేవాడికి తెల్లకోట్లన్నీ నకిలీ. పైగా మా డెస్కులో ఒక దురాచారం: శీర్షిక ముందు, వార్త తర్వాత, అవతలివాళ్ల వివరణ అన్నిటికన్నా చివర. ఆలూ లేదు చూలూ లేదు, నాలుగు కాలమ్‌ల శీర్షిక మాత్రం సిద్ధమైపోయింది. ఇక ఆధారాలు భద్రపరచాలి కదా! పొట్లం నా సొరుగులో పెట్టి తాళం వేశాను.

"మరి నేనేం ఏసుకోవాలె?"

"ఇప్పటికేమీ వద్దు. నేనున్నాగా!"

"గదే ఫికర్" అన్నాడు సామ్యూలన్న.

రూతు వదిన ఫోన్ చేసి, "మందులు ఎట్లున్నయి?" అని అడిగితే, "భద్రంగా ఉన్నాయి వదినా" అన్నాను. గమనించండి, అబద్ధమాడలేదు.

అలా వారం గడిపి, వివరణ కోసం నాంపల్లి చేరాను.

డాక్టరమ్మ తాపీగా చెప్పింది. "గేటు దగ్గర ఒకడు రోజూ గొడవ చేస్తుంటే కాపలావాళ్లను పెంచుతారు కదా. ఈయన కడుపులో క్రిమి ఏళ్ల తరబడి గొడవ చేసింది. దాన్ని ఎదుర్కోవడానికి చేరిన రక్షణ కణాలే అదుపు తప్పి గడ్డగా పెరిగాయి. క్రిమిని చంపితే చాలాసార్లు గడ్డ కూడా తగ్గిపోతుంది. చాలాసార్లు అన్నాను, ప్రతిసారీ అనలేదు. అదీ రాసుకోండి."

రాసుకున్నాను. శీర్షిక కరిగిపోతోంది.

"సరే, సామ్యూల్ గారూ, మందులు సగమైనా అయ్యాయా?"

"యాడ మేడం! తమ్మి సొరుగుల ఉన్నయి. ఆధారమంట."

"ఇది నెమ్మదిగా పెరిగే రకం కాబట్టి బతికిపోయారు. ఇవాళే మొదలుపెట్టాలి" అని ఆయనతో చెప్పి, ఆవిడ నా వైపు తిరిగింది. "మీక్కావాల్సింది నకిలీ వైద్యుడి వార్తే కదా? రాయండి. ఫొటో నేను తీస్తాను, కాస్త వెలుతురు వైపు తిరగండి."

సామ్యూలన్న నాలుక చప్పరించాడు. తర్వాత కడుపు పట్టుకుని మరీ నవ్వాడు. ఆఫీసుకు తిరిగొచ్చి మొదటి మోతాదు నా బల్ల దగ్గరే, నా సీసాలో నీళ్లతోనే మింగాడు.

ఇందుమూలంగా సమస్త పాఠకులకు ప్రమాణపూర్వకంగా తెలియజేయునది: ఈ జన్మలో మరొకరి మాత్ర ముట్టను. చెవిపోటు వచ్చినా సరే, మొదట డాక్టరు చెప్పింది విని ఆ తర్వాతే మూలుగుతాను.

సామ్యూలన్న కడుపులో క్రిమి పోయింది. గడ్డ నెలల తరబడి మెల్లగా తగ్గింది. ఇప్పటికీ అప్పుడప్పుడు కెమెరా వేసి చూస్తూనే ఉన్నారు. అదే క్రిమి మనలో ఎంతోమంది కడుపుల్లో చడీచప్పుడు లేకుండా కాపురముంటుందట. అందరినీ వదిలి ఏ కొద్దిమందికో మాత్రమే ఇలా ఎందుకవుతుందో డాక్టరమ్మ కూడా ఇంతవరకు పూర్తిగా చెప్పలేకపోతోంది.