మరచెంబు మూతకు నాలుగు చుట్లు

చింతపండుతో తోమిన ఇత్తడికి ఒక వాసన ఉంటుంది, పుల్లగా, కాస్త తడి ఇనుము వాసన కలిసినట్టుగా. మొన్న ఆదివారం ఖరగ్‌పూర్ మలంచాలోని మా ఫ్లాట్ వంటింట్లో మా అమ్మాయి మా అమ్మ మరచెంబును తోముతుంటే ఆ వాసన హాల్లోకి వచ్చింది, దాని వెనకే నా పదో ఏడూ వచ్చి కూర్చుంది. మరచెంబంటే ఇప్పటి పిల్లలకు విడమరిచి చెప్పాలి: మూతకు మర ఉండే ఇత్తడి చెంబు, రైలు ఎంత కుదిపినా చుక్క నీరు ఒలకనివ్వదు. ఈ చలికాలం నన్ను బీహారులోని రాజ్‌గిర్ తీసుకెళ్తానని మా అమ్మాయి ఫోన్లోనే హోటల్ బుక్ చేసేసింది. అక్కడ ఇప్పుడు కొండల మధ్య గాజు వంతెన ఉందట, తీగ మీద గదుల్లా నడిచే రోప్‌వే ఉందట, అక్కడి వేడినీళ్ళు నా బిగుసుకుపోతున్న వేళ్ళకు మంచివట. ఆ నీళ్ళ సంగతి నాకు చెప్పడానికి తను బయల్దేరింది!

మా నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ట్రాఫిక్ అని పిలిచే రైల్వే పేటలో మా క్వార్టరు, ఎర్ర ఇటుకల వరస ఇళ్ళలో ఒకటి. చలికాలం వచ్చిందంటే ఆ వీధికి రెండు ఊళ్ళ వాసన వచ్చేది, ఒక గుమ్మంలో బెంగాలీ వాళ్ళు ఖర్జూరపు బెల్లం కాస్తుంటే పక్క గుమ్మంలో శ్రీకాకుళం వాళ్ళు అరిసెల పాకం పట్టేవాళ్ళు, మా అమ్మ మాత్రం ఆ ఖర్జూరపు బెల్లంతోనే అరిసెలు వండి ఇద్దరి చేతా తిట్లు తినేది. పొద్దున్న సైరన్ మోగగానే సైకిళ్ళన్నీ ఒకేసారి రోడ్డెక్కేవి. మేము ఆడపిల్లలం పాత బేరింగుల్లోంచి తీసిన ఉక్కు గోళీలతో ఆడుకునేవాళ్ళం, గాజు గోళీల పిల్లలను చూస్తే మాకు జాలి.

నాన్నకు ప్రపంచమంతా మరల మీద నడిచేది. నాకు అక్షరాలు అమ్మ దిద్దించింది గానీ, మూత పెట్టడం నాన్నే నేర్పాడు. "ముందు ఎనక్కి తిప్పమ్మీ, టక్కుమంటాది. అప్పుడు ముందుకి తిప్పు, మర కొరుక్కోదు" అనేవాడు. మా మరచెంబుకు సరిగ్గా నాలుగు చుట్లు. నాలుగో చుట్టు చివర కాస్త బిగువు తగలాలి, లేకపోతే విప్పి మళ్ళీ పెట్టించేవాడు.

ఆ ఏడు వానాకాలం పోతూ పోతూ నాన్న కుడిచేతి వేళ్ళను బిగించేసి పోయింది. పొద్దున్న లేచేసరికి పిడికిలి ముడుచుకునేది కాదు, చొక్కా గుండీలు అమ్మే పెట్టేది. రెండు నెలలు సిక్‌లో ఉన్నాడు. సెలవు అయ్యాక రైల్వే డాక్టరు చెయ్యి చూసి ఫిట్ అని రాస్తేనే మళ్ళీ తన బెంచీ దగ్గరికి వెళ్ళేది, లేదంటే లైట్ డ్యూటీ. లైట్ డ్యూటీ అంటే ఎక్కడో స్టూలు మీద కూర్చోబెడతారు. పదిహేడో ఏట పానా పట్టిన మనిషికి అది చెయ్యి తీసేసినంత పని. నాన్న ఆ మాట ఎత్తేవాడు కాదు, అమ్మ కూడా ఎత్తేది కాదు. ఇంట్లో అందరం ఆ చేతినే చూస్తూ, చూడనట్టు తిరిగేవాళ్ళం.

అలాంటప్పుడు పక్క క్వార్టరులో ఉండే టీచరు దీదీ, నాన్నను ఒకసారి చేంజ్‌కి తీసుకెళ్ళమని అమ్మకు చెప్పింది. బెంగాలీ వాళ్ళకు చేంజ్ అంటే గాలి మార్పు, ఒంట్లో బాగోకపోతే ఏ కొండ ఊరికో వెళ్ళి నీళ్ళు మార్చి రావడం. రైల్వే ఇంటి ఇల్లాలికి చేంజ్ అంటే రైలు మారడమే. అమ్మ రాత్రి అన్నం వడ్డిస్తూ చాలా గంభీరంగా, "దీదీ సేంజి అయితే తగ్గిపోద్దంటంది. ఏ టేసన్లో సేంజి అవ్వాలేటి?" అని అడిగింది. నాన్న రెండు నెలల్లో మొదటిసారి నవ్వాడు. మర్నాడు పాసు రాయించాడు. ఆ మాట మా ఇంట్లో అలాగే ఉండిపోయింది, ఎవరికి జలుబు చేసినా రెండు చేంజీలు రాసేవాళ్ళం.

నిజంగానే రెండు చేంజీలు, హౌరాలో ఒకటి, బక్తియార్‌పూర్‌లో ఒకటి. హోల్డాల్, పులిహోర, మరచెంబు. బ్రాంచి లైను బండి ఆవాల పొలాల మధ్య తీరిగ్గా నడుస్తూ, సిలావ్ స్టేషన్‌లో ఆగితే నాన్న ఖాజాలు కొన్నాడు. పొరలు పొరలుగా ఉన్న ఆ ఖాజాను అమ్మ నాలిక మీద పెట్టుకుని, ఇది మన మడత కాజాకు పెదనాన్న కూతురే అని చుట్టరికం తేల్చేసింది. ఆ తర్వాత కిటికీలో కొండలు మొదలయ్యాయి. చదునైన నేల మీద పుట్టి పెరిగిన నేను కొండను అంత దగ్గరగా చూడటం అదే.

ఐదు కొండలు చుట్టూ చేతులు పట్టుకుని నిలబడితే మధ్యలో ఊరు. ఒకప్పుడు ఇదే మగధకు రాజధాని, భారతంలో గిరివ్రజం. బుద్ధుడు తిరిగిన వెదురుతోట ఒక పక్క, జైనుల గుళ్ళు శిఖరాల మీద, జరాసంధుడు కుస్తీ పట్టాడనే చోటు ఇంకో పక్క. మంకీ క్యాపుల బెంగాలీ కుటుంబాలు టాంగా బళ్ళెక్కి అన్నీ ఒక పూటలో చూసేసి, సాయంత్రానికి ఒంటి నిండా ఆవనూనె పట్టించుకుని వేడినీటి బుగ్గల దగ్గర వరస కట్టేవి. కొండ అడుగున రాతి గోడలోంచి ధారలుగా వేడినీళ్ళు పడుతుంటే, చలిగాలికి ఆవిరి లేచి ఎవరు ఎవరో తెలిసేది కాదు. గంధకం వాసన వస్తోందని నాన్న అన్నాడు గానీ నాకు ఆవనూనె వాసన తప్ప ఇంకేమీ తగల్లేదు. జరాసంధుడు రెండు ముక్కలుగా పుట్టి అతుక్కున్న కథ చెప్పి, "మనిసినే అతికించిన ఊరు, నా వేళ్ళదేటి లెక్క" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో ఉన్న ఆశ నాకు ఇప్పటికీ వినిపిస్తుంది, వింటే ఇప్పటికీ బాధే.

రోజూ స్నానం అయ్యాక పరీక్ష. అమ్మ మరచెంబు అందించేది, నాన్న మూత పట్టుకుని తిప్పేవాడు. వేళ్ళు తెల్లబడేవి, మూత కదిలేది కాదు. అమ్మ చీర కొంగుతో పట్టి తనే విప్పి, రేపు చూద్దామనేది. నాలుగు రోజులు ఇదే వరస. ఐదో రోజు సాయంత్రం తిరుగు బండి. ఆ పొద్దున్న చెంబు నింపే పని నాది. నింపాను, మూత పెట్టాను, వెనక్కి తిప్పితే టక్కుమంది, ముందుకి ఒక్క చుట్టు తిప్పి ఆపేశాను. అంత పెద్ద మోసం అంతవరకు నేను చెయ్యలేదు.

నాన్న తిప్పాడు. మూత వచ్చేసింది. అమ్మ అక్కడే తడి రాళ్ళ మీద కూలబడి, నవ్వుతూ ఏడుస్తూ, కొండకు దండం పెట్టింది. నాన్న మూతను చేతిలో తిప్పి చూశాడు, నన్ను చూశాడు. "బాగానే బిగించినావమ్మీ" అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఫిట్టరును బోల్తా కొట్టించానని దారి పొడుగునా లోలోపల పొంగిపోయాను.

డాక్టరు దగ్గర పిడికిలి సగమే మూసుకుంది. నాన్నను టూల్ రూములో వేశారు, పానాలు ఇచ్చి పుచ్చుకునే పని. మొదటి వారం అన్నం సరిగ్గా తినలేదు. తర్వాత ఏ పానా ఏ గూట్లో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేంత ప్రేమగా ఆ గదిని చూసుకుని, అక్కడే రిటైరయ్యాడు. ఇంకో వారం ఉండి ఉంటే మిగతా సగమూ మూసుకునేదని అమ్మ చివరిదాకా నమ్మింది. నాన్న ఒక్కసారి కూడా కాదనలేదు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. ట్రాఫిక్‌లో మా వరసలో సగం క్వార్టర్లకు తాళాలు, గోడల్లో రావి మొక్కలు. ప్రయాణానికి మరచెంబు మోసేవాళ్ళెవరు, ప్రతి స్టేషన్లోనూ సీసా నీళ్ళే. మా అమ్మాయి మాత్రం చెంబు తళతళలాడించి, నీళ్ళు నింపి, మూత పెట్టి నా చేతికిచ్చింది. "నువ్వే తిప్పమ్మా, సూద్దాం" అంది, అచ్చం మా అమ్మలా.

తిప్పాను. నాలుగు చుట్లకు రావలసిన మూత ఒక్క చుట్టుకే నా చేతిలోకి వచ్చేసింది. నేను ఫిట్టరును కాదు, జీవితంలో పానా పట్టలేదు, అయినా మూత కదలకముందే నా వేళ్ళకు తెలిసిపోయింది. అంటే ఆ రోజు రాళ్ళ మీద కూర్చున్న మా అమ్మ నవ్వు చూస్తూ నాన్న...

తలెత్తితే మా అమ్మాయి ఊపిరి బిగబట్టి నా మొహంలోకే చూస్తోంది.

"బాగానే బిగించినావమ్మీ" అన్నాను.