పొట్టి వత్తి

ఆ తోట హోటల్లో ఆమెను అందరూ దివిటీలమ్మ అనేవారు. ఇనుప కడ్డీల మీద నిలబెట్టిన ఇరవై దివిటీలకు నూనె పోయడం, పొద్దు వాలగానే వెలిగించడం, చివర్లో మూతపెట్టి ఆర్పడం పదకొండేళ్లుగా ఆమె పని. మంట ఎంత ఎత్తుకు లేస్తే తోటకు అంత అందమని యజమాని నమ్మకం. అందుకే వత్తులను రెండంగుళాలు పైకి లాగి వెలిగించేది. ఆమె బట్టలు ఉతకలేక కూతురు సణిగేది: "నువ్వు చేసేది హోటల్లోనా, బొగ్గు గనిలోనా అమ్మా?"

ఒకరోజు గోడ అవతలి ఇంటి పెద్దాయన వచ్చాడు. చేతిగడియారాలు బాగుచేసే మనిషి. పొగ సంగతి ఎత్తగానే యజమాని, "దివిటీలన్నాక పొగ రాదా సార్?" అని లోపలికి వెళ్లిపోయాడు. పెద్దాయన దివిటీలమ్మ వైపు తిరిగాడు.

"ఒక్కసారి మా ఇంటికి రామ్మా. గొడవకి కాదు, చూడ్డానికి."

మర్నాడు దివిటీలు వెలిగించాక వెళ్లింది. కిటికీ పక్కన బల్ల, దానిమీద తెల్లగుడ్డ, గుడ్డమీద విప్పిన గడియారం. కాసేపటికే నల్లటి నలుసులు వచ్చి వాలసాగాయి. ఆయన ఒకదాన్ని పట్టకారుతో తీసి భూతద్దం కింద పెట్టాడు.

"ఇది చాలమ్మా, గడియారం ఆగిపోడానికి. కిటికీ మూస్తే నాకు ఊపిరాడదు, తీస్తే దీనికి ఆడదు."

ఆమె బయటికి చూసింది. తోటలో నిలబడ్డప్పుడు ఎప్పుడూ మంటే కనపడేది. ఇక్కణ్ణుంచి ప్రతి మంటకూ ఒక నల్లటి తోక కనపడుతోంది. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"అంత పొడుగు వత్తి ఎందుకమ్మా? మా అమ్మ లాంతరు వెలిగించే ముందు కత్తెర పట్టేది," అన్నాడాయన.

తర్వాతి రోజు ఆమె పెందలాడే వచ్చింది. దుమ్ము, వాన నీళ్లు కలిసిన పాత నూనె వంపేసి, గిన్నెలు తుడిచి, మంచి నూనె పోసింది. మాడిన కొసలు కత్తిరించి, వత్తిని గోరంత మాత్రమే పైకి ఉంచింది. మంట చిన్నగా, కుదురుగా నిలిచింది. పొగ ఉందా లేదా అన్నట్టుంది.

యజమాని పరుగెత్తుకొచ్చాడు. "ఇవి దివిటీలా, అగ్గిపుల్లలా? వచ్చినవాళ్లు నవ్విపోతారు!"

"ఇక్కడ కూర్చుని భోంచేయండి సార్. ఇప్పుడు కూడా కళ్లు మండితే, మీరన్నట్టే వత్తులు మళ్లీ పైకి లాగుతాను."

ఆయన కూర్చున్నాడు. తిన్నంతసేపూ కళ్లు తుడుచుకోలేదు. లేస్తూ, "సరే, ఉండనీ. ఎవరైనా అడిగితే ఆలోచన నాదని చెప్పు," అన్నాడు.

గోడ పక్కనున్న రెండు మాత్రం లొంగలేదు. గాలి గోడకు తగిలి వెనక్కి కొట్టేది, మంట వాలిపోయి నల్లగా కక్కేది. ఇంకా కత్తిరిస్తే ఆరిపోయేవి. మూడో రోజున ఆ కడ్డీలు పెరికి సామాన్ల గదిలో పెట్టేసింది.

"రెండు తక్కువున్నాయేం?" అన్నాడు యజమాని.

"అవి నా మాట వినలేదు సార్."

సెలవురోజున పెద్దాయన దగ్గరికి వెళ్లి, ఎలా ఉందని అడిగింది. మెచ్చుకుంటాడని మనసులో ఆశ.

"పూర్తిగా పోలేదమ్మా. వాసన వస్తూనే ఉంది. కానీ నా పని సాగుతోంది," అన్నాడాయన నిజాయితీగా.

ఇంటికి నడుస్తూ ఆమె చాలాసేపు ఆలోచించింది. ఈయన ఒక్కడే వచ్చి అడిగాడు. పదకొండేళ్లుగా అడగనివాళ్లు ఎందరున్నారో! మర్నాడు గంట ముందే బయల్దేరి, ఆ గోడ వెంబడి ఉన్న మిగతా ఇళ్ల తలుపులు ఒక్కొక్కటే తట్టింది.