మంద ముందు పరుగు

నేను మదనపల్లెలో నర్సుని. నలభై దాటాక పరుగు పిచ్చి పట్టింది. ఈ ఏడాది పుంగనూరు పోటీలో పిక్కలు పట్టేసి సగంలోనే కూలబడ్డాను. కుప్పం పోటీ పూర్తి చేసి తీరాలని పట్టుబట్టి, పిక్కలు పట్టేయకుండా ఉప్పు మాత్రలు కొన్నాను. వాటిని చిన్న రేకు డబ్బాలో పోసి, కొత్త నడుము బెల్టులో పెట్టుకుని, ఎలా ఉంటుందో చూద్దామని ఒక ఉదయం కురబలకోట వైపు బయలుదేరాను.

అడుగు వేసినప్పుడల్లా డబ్బా గలగలమంటోంది. దారిలో ఒక గొర్రెల మందను దాటానో లేదో, వెనక డెక్కల చప్పుడు! తిరిగి చూస్తే మందంతా నా వెంట పడింది. భయంతో వేగం పెంచాను. డబ్బా ఇంకా గట్టిగా మోగింది, గొర్రెలూ వేగం పెంచాయి. ముందున్న పొట్టేలు ఒక్క పోటు పొడిచేసరికి బోర్లా పడ్డాను.

కాపరి రొప్పుతూ వచ్చాడు.

"యాలమ్మా ఆ డబ్బా ఆడిస్తాండావు? నేను దినామూ డబ్బాలో జొన్నలు ఆడిచ్చే వీటిని పిలిసేది. నువ్వు మేత పెడతావనుకోని వస్తాండాయి."

"మేత కాదప్పా, పందేనికి పరిగెత్తుతాండాను."

"అట్లయితే మా పొట్టేలే గెలిసినాది పో!"

మోకాళ్ళు దులుపుకుని లేచాను. డబ్బాను గుప్పిట్లో బిగించి, మిగతా దూరమూ పరుగెత్తాకే ఇంటికి వెళ్ళాను.

కుప్పంలో ఆఖరి మలుపు దగ్గర కాళ్ళు మొండికేశాయి. అప్పుడు డబ్బా తీసి చెవి పక్కన గట్టిగా ఆడించాను. ఆ పొట్టేలు వెనకే వస్తున్నట్టు కాళ్ళు కదిలాయి.

గీత దాటాక కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాను.